అర్జెంట్ లోడ్లకు బండి కొంటున్నారా? షోరూముకు పోయే ముందు ఇది చదవండి

"అన్నా, బోరు మోటారు కాలిపోయింది, చీనీ చెట్లు వాడిపోతున్నాయి, రేపు పొద్దున్నే కొత్త మోటారు దించాలి, ఈ రాత్రికే బండి పంపు." ఎండాకాలంలో అనంతపురం చుట్టుపక్కల చిన్న బండి తిప్పే ఎవరికైనా ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అర్జెంట్ లోడ్ల వ్యాపారమంటే ఇదే. లారీ నిండేదాకా ఆగలేని సరుకు, పార్సిల్ ఆఫీసులో రెండు రోజులు పడుతుందని చెప్పిన సరుకు, ఇవాళే చేరాల్సిన సరుకు మన బండి ఎక్కుతుంది, అందుకే మామూలు బాడుగ మీద కాస్త ఎక్కువే ఇస్తారు. అమెరికాలో ఈ పనిని హాట్‌షాట్ అంటారు, అక్కడ బలమైన పికప్ వెనక పొడవాటి ట్రైలర్ తగిలించుకుని రాష్ట్రాలు దాటి తిరుగుతారు. మన పల్లె సందుల్లో, మార్కెట్ యార్డు గేట్లలో ఆ ట్రైలర్ తిరగదు కాబట్టి మనకు బాడీ ఉన్న చిన్న ట్రక్కే దిక్కు.

ఏ బండి కొనాలని చాలామంది తమ్ముళ్లు అడుగుతుంటారు. సగం మంది అప్పటికే అడ్వాన్సు కట్టేసి వచ్చి అడుగుతారు, అప్పుడు నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు, అది చూస్తే నిజంగా బాధేస్తుంది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నా. ఈ వ్యాపారంలో కస్టమరు డబ్బిచ్చేది టైముకు. ఎక్కువ బరువు మోసే బండి కంటే దారిలో ఆగని బండి, ఒకవేళ ఆగినా గంట రెండు గంటల్లో బాగుచేసుకుని కదలగలిగే బండి మీకు ఎక్కువ సంపాదించి పెడుతుంది. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే.

ముందు బండి పేర్లు పక్కన పెట్టి ఒక నెల రోజులు నోటుబుక్కు పట్టుకుని తిరగండి. మోటార్లు, పైపులు అమ్మే అంగళ్లు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, స్పేర్ పార్టుల డీలర్లు, డ్రిప్పు సామాన్ల వాళ్లు, క్యాటరింగ్ వాళ్లు, అందరినీ కలిసి అర్జెంటుగా బండి కావాల్సి వచ్చినప్పుడు ఏం పంపారు, ఎన్ని కిలోలు, ఎంత పొడవు, ఎక్కడికి, ఎంత ఇచ్చారు అని రాసుకోండి. మన అనంతపురం, కర్నూలు, కడప మూడు జిల్లాల పాత పరిధిలోనే లోడ్లు ఎంత వేరువేరుగా ఉంటాయో అప్పుడు తెలుస్తుంది. తాడిపత్రిలో గ్రానైట్, బేతంచెర్లలో బండలు, అంటే తక్కువ జాగాలో ఎక్కువ బరువు. ధర్మవరంలో పట్టుచీరలు, రాయదుర్గంలో కుట్టిన బట్టలు, బరువు తక్కువ కానీ వాన చుక్క తగలకూడదు. ఉరవకొండ వైపు గాలిమరలకు, ఎన్‌పీ కుంట, ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంట్లకు కేబుల్ చుట్టలు, పానెళ్లు పోతాయి, చివరి ఐదారు కిలోమీటర్లు మట్టి దారి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలయ్యాక చుట్టూ విడిభాగాల యూనిట్లు వచ్చాయి, వాటిలో ఒక పార్టు అందక లైను ఆగితే వాళ్లకు నిమిషాల మీద నష్టం, అలాంటి చోట బాడుగ బేరం ఎక్కువసేపు నడవదు కానీ కాగితాలు, మూసిన బాడీ, చెప్పిన టైము మూడూ పక్కాగా ఉండాలి. కర్నూలు ఉల్లిగడ్డ, పత్తికొండ టమాటా లాంటివి సీజన్‌లో బాగానే ఉంటాయి, అయితే వాటిని నమ్ముకుని బండి సైజు నిర్ణయించకండి, ధర పడిపోయిన రోజున రైతే కోత ఆపేస్తాడు, మీ బండి ఖాళీగా నిలబడుతుంది.

ఈ నోటుబుక్కు పని నేను చేయలేదు. నా మొదటి బండి రెండు సిలిండర్ల చిన్నది, 750 కిలోలు మోసేది, కంతు తక్కువని తీసుకున్నా. టౌనులో ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు కడప నుంచి రాయచోటికి పెళ్లి వంట సామాన్లు ఒప్పుకున్నా, గుండిగలు, పొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు, బియ్యం మూటలు, పైన ఇద్దరు మనుషులు, అంతా కలిపి టన్ను దాటింది. గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి రేడియేటర్ పొంగింది. నీళ్లు పోస్తూ, ఆగుతూ, పాలకోవా అంగళ్ల దాకా చేరేసరికి మూడు గంటలు పట్టింది. పెళ్లివాళ్లు రాత్రి భోజనాలు వేరేచోట నుంచి తెప్పించుకున్నారు. ఆ ఇంటివాళ్లు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మళ్లీ ఫోన్ కూడా చేయలేదు. ఎక్కేటప్పుడు కాబట్టి సరిపోయింది, అదే బరువుతో దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

కాబట్టి బరువు లెక్క దగ్గర మొహమాటం వద్దు. ఆర్‌సీలో రెండు అంకెలు ఉంటాయి, మొత్తం బరువు అంటే జీవీడబ్ల్యూ, ఖాళీ బండి బరువు. మొదటిదాంట్లో రెండోది తీసేస్తే వచ్చేదే మోయగలిగే బరువు. చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవరు, క్లీనరు ఉండరు, అంటే ఇద్దరు మనుషులకు 140 కిలోలు అందులోంచే పోతాయి. షోరూములో ఇచ్చిన బాడీ చాలదని ఎత్తు పెంచి ఇనుప చట్రం కట్టిస్తే ఇంకో వంద, నూటయాభై కిలోలు పోతాయి. బ్రోచరులో 1300 అని రాసిన బండిలో నిజంగా సరుకుకు మిగిలేది 1050 దగ్గర. ఇప్పుడు గ్రానైట్ చూడండి: 20 మిల్లీమీటర్ల మందం పలక చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది, 300 చదరపు అడుగులు అంటే టన్నున్నర. చూడ్డానికి బాడీలో మూలకు నిలబెట్టినట్టు ఉంటుంది, "ఇంకా జాగా ఉంది కదా అన్నా, ఇంకో పది పలకలు వెయ్యి" అంటారు. వెయ్యకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దించే ఖర్చు కూడా మీదే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నాడంటే ఆ రోజు అర్జెంట్ లోడు అక్కడితో అయిపోయినట్టే.

ఇంకో అంకె గుర్తుపెట్టుకోండి: 3000. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం జీవీడబ్ల్యూ 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. దాటితే పర్మిట్ తీసుకోవాలి, బెంగుళూరు, హైదరాబాదు, బళ్లారి పోవాలంటే నేషనల్ పర్మిట్ చూసుకోవాలి. మనకు మూడు పక్కలా రాష్ట్ర సరిహద్దులే, అనంతపురం నుంచి బెంగుళూరు 210 కిలోమీటర్లు, కర్నూలు నుంచి హైదరాబాదు కూడా అంతే, అర్జెంట్ లోడ్లలో మంచి బాడుగ ఇచ్చేవి ఎక్కువ ఈ దారుల్లోనే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 3000 లోపు బండి నేను గట్టిగా చెప్పడానికి ఇదొక పెద్ద కారణం. పర్మిట్ అక్కర్లేకపోయినా పసుపు నంబరు ప్లేటు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ ఉండాల్సిందే.

తర్వాత పొడవు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, తర్వాత రోజూ బాధపడతారు. బోరులో దించే కాలమ్ పైపు 10 అడుగులు, మామూలు పీవీసీ పైపు 20 అడుగులు. టాటా ఏస్ సైజు బండి బాడీ 7 అడుగుల పైచిలుకు, పికప్‌ల బాడీ 8 నుంచి 9 అడుగులు, కొన్ని పొడవు మోడళ్లు 10 దాకా. 7 అడుగుల బాడీలో 10 అడుగుల పైపు పెడితే వెనక మూడడుగులు బయటికి వేలాడుతుంది, సరుకు హద్దు దాటి బయటికి పొడుచుకొస్తే దానికీ 20,000 జరిమానా ఉంది, దానికంటే ముఖ్యం రాత్రి పూట వెనక వచ్చే మోటార్ సైకిల్ అతనికి ఆ పైపు కనపడదు. 20 అడుగుల పైపుల పని ఎక్కువగా ఉంటే అది చిన్న బండి పని కాదు, పొడవు బాడీ లారీ ఉన్నవాళ్లకు ఇచ్చి కమీషన్ తీసుకోండి. బాడీ లోపలి కొలత టేపు పెట్టి మీరే కొలవండి, చక్రాల మీద ఉబ్బు ఉందా, డాలా మూడు పక్కలా తెరుచుకుంటుందా చూడండి. మూడు పక్కలా తెరుచుకుంటే హమాలీలు పది నిమిషాల్లో దించేస్తారు, ఒక్క వెనక పక్కే అయితే అరగంట. టైము అమ్ముకునేవాళ్లకు ఆ ఇరవై నిమిషాలు కూడా లెక్కే.

ఇప్పుడు బండ్లు. టాటా ఏస్ 2005లో వచ్చినప్పటి నుంచి టౌను పనికి దానికి తిరుగు లేదు, 750 కిలోల దగ్గర మోస్తుంది, సందుల్లో తిరుగుతుంది, స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. మీ నోటుబుక్కులో 80 శాతం లోడ్లు 500 కిలోల లోపు, 40 కిలోమీటర్ల లోపు ఉంటే ఆ సైజు చాలు, పెద్దది కొని కంతు భారం పెంచుకోవద్దు. హైవే మీద రోజూ 200, 300 కిలోమీటర్లు తిప్పాలనుకుంటే, ఘాట్లు ఎక్కాలనుకుంటే మాత్రం ఆ సైజు వద్దు. దాని పై తరగతి ఉంది: టాటా ఇంట్రా వీ30 1300 కిలోలు, వీ50 1500 కిలోలు, అశోక్ లేలాండ్ దోస్త్ 1250 నుంచి 1500 దాకా, మహీంద్రా బొలెరో పికప్‌లో 1.3 టన్నులు, 1.7 టన్నులు. ఆ పైన బడా దోస్త్ లాంటివి, ఇంకా పైన 1986 నుంచి రోడ్డు మీదున్న టాటా 407. అర్జెంట్ లోడ్లకు నేను చెప్పేది మధ్య తరగతే, 1.3 నుంచి 1.5 టన్నులు, బాడీ 9 అడుగులకు దగ్గరగా, జీవీడబ్ల్యూ 3000 లోపు. ఒకే పేరులో మూడు నాలుగు రకాలు ఉంటాయి, 1.7 టన్నుల రకాలు సాధారణంగా ఆ గీత దాటిపోతాయి, కాబట్టి కొటేషన్ మీద జీవీడబ్ల్యూ అంకె రాయించుకోండి.

ఈ మధ్య తరగతిలో ఏ కంపెనీ అంటే నేను ఒక్క పేరు చెప్పను, ఎందుకంటే జవాబు మీ రూటులో ఉంది. మీరు తిరిగే దారి గీసుకోండి. ఉదాహరణకు కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ అంటే 44వ నంబరు హైవే. గుత్తి నుంచి తాడిపత్రి, మైదుకూరు వైపు అంటే 67. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, కడప, రాయచోటి అంటే 40. ఆ దారిలో ప్రతి 60, 70 కిలోమీటర్లకు ఏ బండి క్లచ్ ప్లేటు, ఫ్యాన్ బెల్టు, డీజిల్ ఫిల్టర్ రాత్రి పూట కూడా దొరుకుతుందో, ఏ బండిని చూడగానే మెకానిక్ చెయ్యి పెడతాడో, దేనికి "ల్యాప్‌టాప్ పెట్టాలి, రేపు రండి" అంటాడో అడిగి తెలుసుకోండి. ఒక ఆదివారం బస్సెక్కి గుత్తిలో, తాడిపత్రిలో, మైదుకూరులో దిగి నలుగురు మెకానిక్‌లతో టీ తాగండి. షోరూములో ఎవరూ చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

ఇంధనం సంగతి. హైవే, ఘాటు, పల్లె దారి కలిసిన పనికి డీజిలే నయం, కింది గేర్లలో లాగే బలం దానికే ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అన్నీ బీఎస్-6 బండ్లే, చాలా డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, రోజంతా రెండేసి కిలోమీటర్ల ట్రిప్పులే తిప్పితే అది మూసుకుపోయి లైటు వెలుగుతుంది, అప్పుడు హైవే మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడపాలి. లైటు వెలిగితే "పీకేద్దాం" అనే మాట వినొద్దు. సీఎన్‌జీ బండి కిలోమీటరు ఖర్చు తక్కువ, కాకపోతే అదే మోడల్‌లో సిలిండర్ల బరువు వల్ల మోత తగ్గుతుంది, మూడేళ్లకోసారి సిలిండర్ టెస్టు ఉంటుంది, రాత్రి పదకొండుకు కళ్యాణదుర్గం అవతల పల్లెకు లోడు వస్తే బంకు దొరక్క టెన్షన్ పడాలి. ఎలక్ట్రిక్ ప్రస్తుతానికి టౌను లోపలి డెలివరీలకే. ఇక మన ఎండలకు, మే నెలలో 42 డిగ్రీల్లో లోడుతో పోయేటప్పుడు, టైర్లే ముందు దెబ్బతింటాయి, గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి, స్టెప్నీ కూడా.

డబ్బు లెక్క దగ్గర నిదానంగా కూర్చోండి. 8 లక్షల అప్పు, 11 శాతం, నాలుగేళ్లు అయితే నెల కంతు దాదాపు 20,700. ఫైనాన్స్ వాళ్లు "7 శాతమే అన్నా" అంటే అది ఫ్లాటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ), తగ్గే బాకీ మీదా అని అడగండి. ఫ్లాట్ 7 అంటే నెలకు 21,333 వస్తుంది, తగ్గే బాకీ మీద చూస్తే అది దాదాపు 12.7 శాతం వడ్డీ! 7 అనే అంకె చూసి సంతకం పెట్టినవాళ్లను చాలామందిని చూశా. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సెకండ్ హ్యాండ్ వాళ్లు పాత కొత్తబండి ధరతో పోల్చి రేటు చెబుతుంటే ఈ సంగతి గుర్తుచేయండి.

ఒక ట్రిప్పు వేసి చూద్దాం. అనంతపురం నుంచి బెంగుళూరు పోయి రావడం 420 కిలోమీటర్లు, లీటరుకు సగటు 13 వస్తే 32 లీటర్లు, లీటరు వంద అనుకుంటే 3,200. టైర్లు, ఆయిల్, రిపేర్లకు కిలోమీటరుకు 2 రూపాయలు పక్కన పెట్టండి, 840. నెలలో 25 రోజులు బండి తిరిగితే కంతు వాటా రోజుకు 830, ఇన్సూరెన్స్ వాటా ఒక వంద, డ్రైవరుకు 900. మొత్తం 5,870, మరూరు, బాగేపల్లి టోల్‌గేట్లు వగైరా వేరే. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తే, పోయేటప్పటి బాడుగ కిలోమీటరుకు 28 రూపాయలు పడినా మీకు మిగిలేది సున్నా. రిటర్న్ లోడు దొరికితేనే డబ్బు, దాని కోసం అక్కడ ఎంతసేపు ఆగొచ్చో ముందే అనుకోండి, నేనైతే నాలుగు గంటలు దాటితే ఆగను, ఎందుకంటే ఇక్కడ ఇంకో అర్జెంట్ ఫోన్ వస్తుంది. ఈ లెక్క మీ బండికి, మీ రూటుకు వేసుకుని చూడండి, పెద్ద బండి కొంటే ప్రతి అంకె ఎలా పెరుగుతుందో కనిపిస్తుంది. టైము మాట ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త, ఈ బండ్లకు 80 దగ్గర స్పీడు కట్టేసి ఉంటుంది, సిటీల్లో రద్దీ వేళ సరుకు బండ్లను కొన్ని రోడ్ల మీదికి రానివ్వరు, 210 కిలోమీటర్లకు ఐదు గంటలు చెప్పండి.

సెకండ్ హ్యాండ్ అయితే పొద్దున్నే, అమ్మేవాడు ఇంజన్ వేడి చేయకముందే వెళ్లండి. చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫుకు స్టార్ట్ కావాలి. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పొగ గుప్పుమని రాకూడదు. కిందకి దూరి వెనక కమాన్ పట్టీలు తగిలించే చోట చాసిస్‌కు వెల్డింగ్ వేసిన గుర్తులున్నాయా చూడండి, బండలు, ఇసుక మోసిన బండ్లకు అక్కడే చీలిక వస్తుంది, కొత్తగా రంగు వేసి ఉంటే ఇంకా అనుమానించండి. సముద్ర తీరం వైపు చేపలు మోసిన బండి అయితే బాడీ నేల తుప్పు పట్టి ఉంటుంది, రబ్బరు పరుపు ఎత్తి చూడండి. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొడితే ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా అన్నవి తెలుస్తాయి, పెండింగ్ చలానాలు కూడా చూసుకోండి. ఫైనాన్స్ ఉంటే, బాకీ తీరిందని ఫైనాన్స్ వాళ్లు సంతకం పెట్టిచ్చే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ ఏటా చేయించాలి, ఎనిమిదేళ్ల లోపు రెండేళ్లకోసారి, కాబట్టి ఏడో ఏడు బండి చవకగా వస్తుందంటే ఎందుకో అర్థం చేసుకోండి.

కాగితాల గురించి క్లుప్తంగా. కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్సుతోనే 7500 కిలోల లోపు సరుకు బండి నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. థర్డ్ పార్టీ ప్రీమియం 7500 కిలోల లోపు సరుకు బండికి 2022లో పెట్టిన రేటు 16,049 రూపాయలు, పన్ను వేరే, బండికి ఫుల్ ఇన్సూరెన్స్ కలిపితే ఇంకా పెరుగుతుంది. ఆ ఫుల్ ఇన్సూరెన్స్ మీ బండికే, లోపలి సరుకుకు కాదు, ఖరీదైన లోడు ఒప్పుకునేటప్పుడు ట్రాన్సిట్ పాలసీ ఎవరు తీసుకుంటున్నారో అడగండి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్‌టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే కాగితం) ఉండాలి, అందులో మీ బండి నంబరు సరిగ్గా ఉందో లేదో గేటు దాటకముందే చూసుకోండి. దారిలో బండి ఆగిపోయి ఇంకో బండిలోకి మార్చితే ఆ నంబరు కూడా మార్చాలి.

డెలివరీ తీసుకున్న రోజు బండిని సరాసరి ఇంటికి తీసుకుపోకండి. డీజిల్ ట్యాంకు నింపి, స్టెప్నీ, జాకీ, టార్పాలిన్, తాళ్లు అన్నీ వేసుకుని, డ్రైవరు, క్లీనరు కూర్చుని దగ్గర్లోని కాటాకు పోయి తూకం వేయించండి. ఆ అంకెను జీవీడబ్ల్యూ నుంచి తీసేసి, మిగిలింది క్యాబిన్ తలుపు లోపలి పక్క పెయింటుతో పెద్దగా రాయించండి, హమాలీకి, లోడు యజమానికి, రేపు మీరు పెట్టుకునే డ్రైవరుకు కూడా కనపడేలా.